ఘాటీ మలుపుకి కెమెరా తీసుకెళ్ళాం

చలికాలం రాగానే మా అనకాపల్లి జనం మంచు చూడాలని, కాఫీ తోటల్లో ఫోటోలు దిగాలని కార్లు మాట్లాడుకుని ఏజెన్సీకి పోతారు. రెండు వేల తొమ్మిది చలికాలంలో నేనూ, మా మరిది శ్రీనూ కూడా వెళ్ళాం. మేం వెళ్ళింది పాడేరు ఘాట్ రోడ్డులో ఒకే ఒక్క మలుపు కోసం. అంతకు ముందు ఏడాది చలికాలంలోనే మా ఆయన ఆ మలుపు దగ్గర పోయారు.

ఆయన రేడియోలు, టార్చిలైట్లు, ఛార్జింగు దీపాలు బాగుచేసేవారు. వారానికోసారి కారులో ముంచింగిపుట్టు సంతకి వెళ్ళి, సాయంత్రం పాడేరు మీదుగా దిగి వచ్చేవారు. ఆ రోజు దిగుతుంటే ఎదురుగా ఎక్కుతున్న లారీ గుద్దింది. కారు లోయలో పడింది. పోలీసు కాగితంలో మాత్రం, లారీవాడు చెప్పినట్టే, కారు తన ఎడమవైపు వదిలి తప్పు వైపుకి వచ్చిందని, డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని రాశారు.

పరిహారం వస్తే వస్తుంది, పోతే పోతుంది. ఆ నిర్లక్ష్యం అన్న మాట చదివిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. సైకిలు మీద బజారుకి వెళ్ళినా రోడ్డుకి ఎడమ అంచు వదలని మనిషి ఆయన. ఒకసారి రిక్షావాడు తొందరలో కుడివైపు నుంచి పోనిచ్చాడని దిగిపోయి, చేతిలో బియ్యం సంచితో ఇంటిదాకా నడిచి వచ్చారు. ఆ మనిషి ఘాటీలో, మంచులో, కుడివైపుకి వెళ్ళారంటే నేను నమ్మను.

పరిహారం కేసు చూస్తున్న మా ప్లీడరు గారు ఒక దారి చెప్పారు. "ఆ మలుపులో ఎడమవైపు కావలసినంత చోటు ఉందని, దిగేవాడికి కుడికి పోవలసిన పనే లేదని చూపించగలిగితే లారీవాడి మాట నిలబడదమ్మా. ఫోటోలున్నాయి కానీ ఫోటోలో రోడ్డు కదలదు. అదే వేళకి, అదే మంచులో, డ్రైవరు కంటికి ఎలా కనిపిస్తుందో చూపించండి" అన్నారు. అందుకే ఈ ప్రయాణం.

అనకాపల్లి

శ్రీను పెళ్ళిళ్ళకి వీడియో తీస్తాడు. ఆ పెద్ద కెమెరానే ఒళ్ళో పెట్టుకుని నేను తీస్తానన్నాను. వాడు నవ్వాడు. "ఘాటీలో కెమెరా పట్టుకుంటావేటి వదినా, కడుపు పట్టుకుంటావేటి?" నాకు మలుపుల్లో వాంతులవుతాయని వాడికి తెలుసు.

కారుకి కెమెరా అంటే ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. విశాఖపట్నంలో చైనా సామాన్లమ్మే కొట్లో మూడు రకాలు చూపించారు. ఒకదానికి వెనకాల తెర ఉంది. చీకటి పడితే ఆ వెలుగు డ్రైవరు కళ్ళల్లో కొడుతుందని శ్రీను పక్కన పెట్టేశాడు. ఇంకోదానికి రెండు కళ్ళు, ఒకటి రోడ్డు వైపు, ఒకటి మన మొహాల వైపు. మా మొహాలు చూసేవాళ్ళెవరని అదీ వద్దన్నాను. మూడోది అగ్గిపెట్టెంత ఉంది. తెర లేదు, ఒక కన్ను, వేలి గోరంత కార్డు. తీసిందంతా చిన్న చిన్న ముక్కలుగా దాచుకుంటుంది. కార్డు నిండితే పాత ముక్క చెరిపేసి దాని మీద కొత్తది రాసుకుంటుంది.

"మాటలు కూడా పడతాయమ్మా" అన్నాడు కొట్టతను, అదేదో ఉచితంగా ఇస్తున్నట్టు.

"మా వదిన మాటలు పడితే ఇంక రోడ్డుకి చోటుండదు" అన్నాడు శ్రీను.

శ్రీను పాత మారుతిలో సిగరెట్ లైటరు సాకెట్టు ఎప్పుడో చచ్చిపోయింది. దాంతో వాడు డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె ఊడదీసి, అక్కణ్ణించి కరెంటు లాగాడు. వైరుని ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరు కిందికి దూర్చి, తలుపు పక్క నుంచి దించాడు. పెళ్ళి పందిట్లో వైర్లు దాచిన చెయ్యి కదా, ఎక్కడా కనబడలేదు. కెమెరాని మాత్రం మూడుసార్లు అంటించి మూడుసార్లు పీకాడు. మధ్యలో పెడితే మా అత్తగారు అంటించిన అప్పన్న బొమ్మ అడ్డం వచ్చింది. పక్కకి పెడితే వైపరు తుడవని చోటు. చివరికి వెనక చూసే అద్దం చాటున కుదిరింది. అక్కడైతే రోడ్డుకి రెండు అంచులూ కనబడతాయి. నాకు కావలసింది ఆ ఎడమ అంచే.

మాడుగుల

ఘాటీ ఎక్కేముందు మాడుగులలో ఆగి హల్వా కొన్నాం. వేడి హల్వా ఆకులో పెట్టి ముందు రుచి చూడమంటారు. బాగోలేదంటే ఊరుకోరు, ఇంకో ముక్క పెడతారు. నెయ్యి వేళ్ళకి అంటుకుని సబ్బుకి కూడా వదలదు. మా ఆయన సంత నుంచి వచ్చేటప్పుడు ప్రతిసారీ ఒక పొట్లం తెచ్చేవారు. ఆ రోజు ఆయన సామాన్లలో హల్వా ఉందేమోనని మా అత్తగారు అడిగారు. ఆయన మాడుగుల దాకా రానే లేదు కదా.

ఎక్కేటప్పుడు మా ఎడమవైపు లోయ. దారిలో అమ్మవారి పాదాల దగ్గర బళ్ళన్నీ ఆగుతాయి. మైదానంలో గుడి దాటుతూ చేత్తో దణ్ణం పెట్టేసి పోయే బస్సు డ్రైవర్లు కూడా ఇక్కడ దిగి, చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొడతారు. శ్రీను కొట్టిన కాయ కుళ్ళిపోయింది. వాడు నా వైపు చూడకుండా చిప్పలు లోయలోకి విసిరేశాడు. ఆ తర్వాత ఆ మలుపు వస్తుందని తెలిసి కళ్ళు మూసుకున్నాను. దిగేటప్పుడు ఎలాగూ చూడాలి.

పాడేరు

పాడేరులో చలి మా ఊరి చలిలాంటిది కాదు, ఎముకల్లోకి దిగుతుంది. హోటల్లో కాఫీ అడిగితే టీ తెచ్చి పెట్టారు.

"చుట్టూ కాఫీ తోటలే కదయ్యా?" అన్నాను.

"పండిత్తారమ్మా, తాగరు" అన్నాడు హోటలతను. టీ మూడు రూపాయలు. చిక్కగా, బెల్లం వాసనతో బాగానే ఉంది. మా ఆయన కూడా ఇక్కడే తాగి ఉంటారనుకుంటూ తాగాను.

రాత్రి లాడ్జిలో పడుకుని పొద్దున లేచి చూస్తే కారు కదలదు. తాళం తిప్పితే మూలిగి ఊరుకుంది. అద్దం వెనక కెమెరా మీద ఎర్ర చుక్క మాత్రం వెలుగుతోంది. శ్రీను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాడు కరెంటు తీసుకున్న ఫ్యూజు, తాళం తీసేసినా ఆరనిదట. కెమెరా రాత్రంతా మేలుకుని బ్యాటరీని పీల్చేసింది. బస్టాండు దగ్గర జీపుల వాళ్ళు నలుగురు వచ్చి తోసిపెట్టారు. ఊరికే వెళ్ళిపోతుంటే టీ తాగమని బతిమాలాల్సి వచ్చింది. మా ఊళ్ళో అయితే ముందు బేరమాడి తర్వాత తోస్తారు.

శ్రీను పెళ్ళిళ్ళ కోసం కొన్న లాప్‌టాప్‌లో కార్డు పెట్టి చూశాం. ఎక్కినదంతా చెరిగిపోయింది. రాత్రంతా లాడ్జి గోడే. ఒక కుక్క వచ్చి చక్రం దగ్గర కాలెత్తి పోయింది. కాసేపటికి అదే కుక్క మళ్ళీ వచ్చింది. బాధలో ఉన్నా నాకు నవ్వొచ్చింది.

శ్రీను వైరుని తీసి వైపరు ఫ్యూజుకి కలిపాడు. ఇక తాళం తిప్పితేనే కెమెరా లేస్తుంది. ఈలోగా మంచుకి జిగురు ఊడి కెమెరా నా ఒళ్ళో పడింది. సైకిలు షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి, దాన్ని అద్దం కాడకి బిగించి కట్టాడు. చూడ్డానికి కట్టు కట్టిన వేలులా ఉంది కానీ మళ్ళీ కదల్లేదు.

ముంచింగిపుట్టు

పెదబయలు దాటాక ఎదురొచ్చే బళ్ళు తగ్గిపోతాయి. వచ్చిన జీపుకి మనుషులు లోపల కన్నా బయటే ఎక్కువమంది వేలాడుతుంటారు. సంతలో పసుపు కొమ్ములు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు దింపుకుని కొండల మీది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎదురుగా కింది నుంచి వచ్చిన కొట్లవాళ్ళు ఉప్పు, ఎండు చేపలు, గాజులు, రవికె గుడ్డలు పెట్టారు. ఒక పక్క ఒరియా, ఒక పక్క తెలుగు. మా సంతలో గొంతు పెద్దది చేసినవాడికి బేరం దక్కుతుంది. ఇక్కడ ఆడవాళ్ళు ధర ఒక్కసారి చెప్పి ఊరుకుంటారు, ఇష్టమైతే కొనుక్కో అన్నట్టు.

మా ఆయన కూర్చునే చోటు ఎండు చేపల దుకాణం పక్కనని తెలుసు. వెతుక్కుంటూ వెళ్ళాం. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ మగ్గులు అమ్ముతున్నారు. నిలబడి చూస్తుంటే ఒక ముసలాయన టార్చిలైటు పట్టుకుని తిన్నగా శ్రీను దగ్గరికి వచ్చాడు.

"ఏటి బాబూ, ఇన్నాళ్ళూ రానేదు? చిక్కిపోనావు."

అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక. శ్రీను నా వైపు చూశాడు. నేనే చెప్పాను, నేను ఆయన భార్యనని, ఇతను తమ్ముడని, ఆయన లేరని.

ముసలాయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. "నా రేడియో బాబు కాడే ఉండిపోనాది. బాగు సేసి అట్టుకొత్తానన్నాడు. అందుకే వారం వారం సూత్తన్నాను" అన్నాడు. వెంటనే తప్పు మాట అన్నట్టు చెయ్యి ఊపాడు. "పోతే పోనాదిలెండమ్మా. రేడియోదేటుంది."

శ్రీను ఆయన టార్చిలైటు తీసుకుని, మా కారులోని స్క్రూడ్రైవరుతో విప్పి, లోపలి రేకు వంచి వెలిగించి ఇచ్చాడు. ముసలాయన తన మధ్యాహ్నానికి తెచ్చుకున్న చోడి, అంటే రాగి, అంబలి సగం నాకు ఆకు దొప్పలో పోశాడు. మా ఇంట్లో పరామర్శకి వచ్చిన వాళ్ళకి కుర్చీ వేసి కాఫీ ఇచ్చాం. ఇక్కడ మనిషి తన ఆకలి సగం చేసుకున్నాడు. పుల్లగా ఉన్న ఆ అంబలి తాగుతుంటే ఏడాదిగా రాని ఏడుపు వచ్చింది. ఎండు చేపల దుకాణం పక్కన, అంతమందిలో, ఏడ్చేశాను.

మలుపు

ఆయన బయల్దేరే వేళకే బయల్దేరాం. పాడేరు దాటి ఘాటీ మొదలయ్యేసరికి మంచు దిగింది. ఇప్పుడు మా ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. శ్రీను మలుపు మలుపుకీ హారను కొడుతూ, ఎడమ అంచు వదలకుండా నెమ్మదిగా దింపుతున్నాడు. ఎర్ర చుక్క వెలుగుతోందా లేదా అని నేను నిమిషానికోసారి చూస్తున్నాను.

మలుపు వచ్చింది. ఎడమవైపు చోటు నిజంగానే ఉంది. లారీ కూడా పట్టేంత చోటు. నా గుండె తేలికైంది. ఇదే చాలు, ఇది చూపిస్తే చాలు అనుకున్నాను. సగం తిరిగేసరికి ఆ చోట్లోనే, కొండ మీది నుంచి కాలిబాట వచ్చి రోడ్డులో కలిసే దగ్గర, నేల మీద అడ్డాకు కనిపించింది. ఆకులో ఎర్రన్నం, గుడ్డు, మినుకుమంటున్న వత్తి.

"శ్రీనూ, తొక్కకు! పక్కకి తియ్యి, పక్కకి!"

వాడు చక్రం కుడికి తిప్పాడు. కారు లోయ అంచు దాకా వెళ్ళి మళ్ళీ ఎడమకి వచ్చింది. అదృష్టం, ఎదురుగా ఏ బండీ లేదు.

మలుపు దిగగానే కాస్త వెడల్పు చోటు, ఒక పాక, పొయ్యి మీద టీ గిన్నె. శ్రీను అక్కడ ఆపేసి విసుక్కున్నాడు. "మొత్తం పాడైపోయింది వదినా. సరిగ్గా మలుపులోనే కుడికి పోయాం. మళ్ళీ పైకెళ్ళి దిగాలి."

పాకలోంచి ఒకావిడ వచ్చింది. నడివయసు దాటిన మనిషి, ముక్కుకి మూడు ముక్కెరలు. ముందు కారు చక్రాలు చూసింది.

"ఆకు తొక్కనేదు కదా బాబూ?"

"లేదమ్మా" అన్నాడు శ్రీను.

"మంచిది. ఈ ఆకు తొక్కితే ఏటీ కాదులెండి. ఇది జొరానికి ఎట్టింది కాదు, బాబుకి ఎట్టింది."

"ఏ బాబు?" అన్నాను.

"రేడియోల బాబు. నిరుడు ఇక్కడే పోనాడు. సంత రోజు ఎల్లకాలం ఈ దారినే దిగీవోడు. అందుకే సంత రోజునే ఎడతాను."

నేనెవరో చెప్పాను. ఆవిడ నన్ను పాకలో కూర్చోబెట్టింది. పొయ్యి ఎగదోసింది. తర్వాత, నేను అడగకుండానే చెప్పింది.

"మా మనవరాలికి నిరుడు జొరం. మందులేసినా దిగనేదమ్మా. మంత్రం ఏసీవోడు, జొరాన్ని ఆకులో ఎట్టి బాట కలిసే కాడ దించీసి రమ్మన్నాడు. దించీసి ఎనక్కి సూడకుండా ఎల్లిపోవాల. నేను సూసినాను. పిల్ల గుంట మీద బెంగ, ఎవులైనా తొక్కినారో నేదోనని సూసినాను. బాబు కారొచ్చింది. ఆకు సూసి పక్కకి తీసినాడు. అప్పుడే కింద నుంచి లారీ."

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "గుంట ఆ రేత్రే లేచి అంబలి అడిగింది. బాబు తొక్కనేదు, నేనే ఎనక్కి సూసినాను. అందుకే అది బాబుకి తగిలింది."

"పోలీసులకి చెప్పలేదా?" అన్నాను.

"ఎవులూ అడగనేదమ్మా. అడిగితే మాత్రం, ఆకెందుకెట్టినావంటే ఏటి సెప్పాల?"

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, దాచను. ఆ ఆకు అక్కడ పెట్టకపోతే ఆయన ఎడమవైపునే దిగి, మాడుగులలో హల్వా కొని, ఇంటికి వచ్చేవారు. ఏదో అనబోయాను. పాక వెనక నుంచి పిల్ల వచ్చింది. చింపిరి జుట్టు, తేట కళ్ళు. మామ్మ కొంగు పట్టుకుని నన్ను చూసింది. సంచిలో ఉన్న హల్వా పొట్లం తీసి ఇచ్చాను. పిల్ల దాన్ని వాసన చూసి, నమ్మకం కుదరక మామ్మకి ఇచ్చేసింది.

"ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి సెబుతానమ్మా" అంది ఆవిడ.

బయటికి వచ్చాక శ్రీను మెల్లగా అన్నాడు. "వదినా, ఇంకా కాస్త వెలుతురుంది. ఆకు పక్కకి జరిపేసి ఒక్కసారి దిగుదాం. ఎడమవైపు చోటంతా బాగా కనబడతాది. ప్లీడరు గారు అడిగింది అదే కదా."

వాడన్నది నిజం. నేను వచ్చింది అందుకే. ఒక్కదాన్నే మలుపు దాకా నడిచాను. వత్తి ఇంకా వెలుగుతోంది. వంగి ఆకు మీదికి చెయ్యి చాచాను కూడా. అడ్డాకు ఎంత బరువుంటుంది, రెండు వేళ్ళతో జరిపేయొచ్చు. ఆయన ప్రాణం పోగొట్టుకుని తప్పించిన దాన్ని నేను తీసి పారేయలేకపోయాను. వెనక్కి వచ్చి కారులో కూర్చున్నాను.

"పోనీ" అన్నాను. మాడుగుల వచ్చినా ఆగలేదు.

తిరిగి అనకాపల్లి

ప్లీడరు గారు లాప్‌టాప్ ముందు కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు. "రోడ్డు బాగా కనబడుతోందమ్మా. చోటుందే! ఇంత చోటుందే!" అని సంబరపడ్డారు. అంతలో నా అరుపు వినబడింది. కారు కుడికి తిరిగి లోయ అంచు దాకా పోయింది. ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు.

"ఈ గొంతెవరిది?"

"నాదేనండి."

ఆకు సంగతి, ఆవిడ సంగతి అంతా చెప్పాను. ఆవిడని సాక్షిగా పిలవచ్చా అని అడిగాను. "పిలిస్తే ఏం చెబుతుందమ్మా? మీ ఆయన కుడివైపుకి వచ్చారనే కదా. ఆకుని తప్పించడానికి వచ్చినా, ఊరికే వచ్చినా, కోర్టుకి అది తప్పు వైపే. ఇది మనం ఇస్తే లారీవాళ్ళ ప్లీడరు మనకే దండ వేస్తాడు" అన్నారు. కేసు ఓడిపోతామని ఆయన నోటితో అనలేదు. ఫైలు మూసి, కుర్రాణ్ణి పిలిచి టీ తెమ్మన్నారు.

పోలీసు కాగితంలో ఆ మాట అలాగే ఉంది. ఇక మారదు. మా అత్తగారికి ఆకు సంగతి చెబితే, "తొక్కలేదు కదా" అని మాత్రం అడిగి, దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. శ్రీను కెమెరాని విప్పి పెట్టెలో పెట్టేశాడు. కార్డు మాత్రం నేను తీసుకున్నాను.

అప్పుడప్పుడు వాడి లాప్‌టాప్‌లో ఆ ముక్క పెట్టమంటాను. మంచు, హారను, ఎడమవైపు అంత చోటు, ఆకు, నా అరుపు. శ్రీను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, కుడికి తీసేశాడు. ఆ రోజు ఆయన పక్క సీట్లో నేనున్నా ఆ మాటే అరిచేదాన్ని.